యాంటీబయాటిక్ బాక్టీరియా బయటి పొర దాటుతుందా: ఏ ప్రశ్నకు ఏ సిమ్యులేషన్?

మందు బాక్టీరియా పొర దాటే తీరును కంప్యూటర్‌లో అణువులను కదిలించి చూసే ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్, ఏ నమూనా? గ్రోమాక్సా, నామ్‌డీయా? పరమాణువులను గుంపులుగా చూసే మార్టినీ నమూనా చాలా, ప్రతి పరమాణువునూ లెక్కలో పెట్టాలా? నేను మాత్రం ఎదురు రెండు ప్రశ్నలు వేస్తాను. మీ మందు ఏ దారిన లోపలికి పోతుంది? మీ చేతిలో ఎన్ని మందులున్నాయి? ఈ రెండూ తేలితే ఎంపిక ముప్పాతిక వంతు అయిపోయినట్టే. సాఫ్ట్‌వేర్ పేరు ఆఖర్న చూసుకోవచ్చు.

ముందు దారి సంగతి

గ్రామ్-నెగెటివ్ బాక్టీరియాకు లోపల ఒకటి, బయట ఒకటి రెండు పొరలుంటాయి. బయటి పొర రెండు వైపులా ఒకేలా ఉండదు. లోపలి సగం మామూలు ఫాస్ఫోలిపిడ్లు. బయటి సగం లిపోపాలీశాకరైడ్, అందరూ ఎల్‌పీఎస్ అంటారు. ఎల్‌పీఎస్ ఫాస్ఫేట్ల మీద రుణావేశం ఉంటుంది. పక్కపక్కనే ఉన్న ఆ అణువులను మెగ్నీషియం, కాల్షియం అయాన్లు కుట్టు వేసినట్టు కలిపి పట్టుకుంటాయి. అందుకే నూనెగుణం ఉన్న మందులు కూడా అందులోంచి తేలిగ్గా జారిపోలేవు.

నీళ్లలో కరిగే చిన్న మందులకు పోరిన్లు అనే ప్రోటీన్ గొట్టాలు దారి ఇస్తాయి. ఈ.కోలైలోని ఓంప్‌ఎఫ్ గురించి మనకు బాగా తెలుసు. మూడు గొట్టాలు అతుక్కుని ఉంటాయి, ఒక్కొక్కటీ 16 బీటా పోగులతో అల్లిన పీపా. 1992లో దాని స్ఫటిక నిర్మాణం వచ్చింది. గొట్టం మధ్యలో మూడో లూప్ (ప్రోటీన్ గొలుసు మలుపు) లోపలికి మడిచి ఉండటంతో అక్కడ దారి సుమారు 7×11 ఆంగ్‌స్ట్రాములకు ఇరుకైపోతుంది. ఈ.కోలై పోరిన్లకు మోటుగా 600 డాల్టన్ల హద్దు అని చెబుతారు.

ఈ హద్దు దగ్గర పెట్టుకుని మందుల అణు బరువులు డాల్టన్లలో చూడండి. సిప్రోఫ్లోక్సాసిన్ 331, ఆంపిసిలిన్ 349, మెరోపెనెమ్ 383. ఇవన్నీ పోరిన్‌లో పట్టేవే. ఎరిత్రోమైసిన్ 734, రిఫాంపిసిన్ 823. ఇవి పోరిన్‌లో పట్టవు, ఎల్‌పీఎస్ గుండానే తంటాలు పడాలి. వాంకోమైసిన్ 1449, మామూలుగా దానికి ఏ దారీ లేదు. పాలీమిక్సిన్ బి సుమారు 1200. అంత పెద్దదైనా లోపలికి పోతుంది, ఎందుకంటే కుట్టు వేసిన ఆ అయాన్లను తోసేసి పొరనే చెదరగొడుతుంది. వేర్వేరు ప్రయాణాలకు వేర్వేరు సిమ్యులేషన్లు కావాలి. పోరిన్ కోసం చేసిన సెటప్‌లో రిఫాంపిసిన్ పెట్టి "గట్టు చాలా ఎత్తుగా వచ్చింది" (అంటే దాటడానికి శక్తి అడ్డంకి పెద్దది) అని రాస్తే అందులో కొత్తగా తెలిసింది ఏమీ లేదు.

పోరిన్ దారి అయితే

ఎక్కువమంది చేసేది ఇదే, పద్ధతులు ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం.

ఏ బలవంతమూ లేకుండా మామూలు మాలిక్యులర్ డైనమిక్స్ (పరమాణువుల కదలికను అడుగడుగునా లెక్కించే పద్ధతి) నడిపి మందు దానంతటదే దాటుతుందేమో చూడటం అందరికీ వచ్చే మొదటి ఆలోచన. లెక్క వేసి చూడండి. ఓంప్‌ఎఫ్ త్రయం, పొర, నీళ్లు, ఉప్పు కలిపితే లక్షకు పైగా పరమాణువులు. ఒక మంచి జీపీయూ మీద రోజుకు వంద నానోసెకన్లు వస్తాయనుకుందాం. ఒంటరి ఛానల్‌లో విద్యుత్ ప్రవాహం కొలిచిన ప్రయోగాల్లో ఆంపిసిలిన్ ఓంప్‌ఎఫ్ లోపల ఆగే సమయం వంద మైక్రోసెకన్లు, ఆ పైన అనే స్థాయిలో కనిపించింది. వంద మైక్రోసెకన్లంటే మన జీపీయూకి వెయ్యి రోజులు. అదీ ఒక్కసారి దాటడానికి. ఒక్కసారి చూసినదాన్ని బట్టి సగటు చెప్పలేం. అలాగని ఈ పద్ధతి పనికిరాదని కాదు. మందు మూతి దగ్గర ఎక్కడ ఆగుతుంది, మూడో లూప్ ఎంత కదులుతుంది, నీళ్లు ఎలా బారులు తీరి ఉన్నాయి అన్నవి దీంతో బాగా తెలుస్తాయి. దాటే వేగం మాత్రం అడగొద్దు.

స్టీర్డ్ పద్ధతిలో మందుకు స్ప్రింగు కట్టి గొట్టంలోంచి లాగుతారు. వీడియో అద్భుతంగా ఉంటుంది. అంకెలు అంత అద్భుతంగా ఉండవు. మనం లాగే వేగం సహజ వేగం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, అణువు తిరిగి సర్దుకునే లోపే లాగేస్తాం. లాగడానికి పట్టిన పని నుంచి ఫ్రీ ఎనర్జీ (గట్టు ఎత్తు కొలిచే శక్తి) రాబట్టే 1997 నాటి జార్జిన్‌స్కీ సమీకరణంతో దీన్ని సరిదిద్దొచ్చని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే, కానీ ఆ సగటును నిలబెట్టేవి ఎప్పుడో అరుదుగా వచ్చే తక్కువ-పని లాగుళ్లు. పది లాగుళ్లతో అవి దొరకవు. స్టీర్డ్ రన్‌ను తర్వాతి పద్ధతికి మొదటి ఫ్రేములు తయారు చేసుకోవడానికి వాడుకోండి, అంతవరకే.

అంబ్రెల్లా శాంప్లింగ్ 1977 నుంచి ఉన్న పాత పద్ధతి, ఇప్పటికీ గట్టిదే. గొట్టం పొడవునా ఆంగ్‌స్ట్రాముకో అరకో ఒక కిటికీ చొప్పున, అరవై నుంచి వంద కిటికీలు పెట్టి, ఒక్కో చోట మందును కట్టేసి వదులుతారు. కిటికీకి 50 నానోసెకన్లు అనుకుంటే ఎనభై కిటికీలకు 4 మైక్రోసెకన్లు. ఒక జీపీయూ మీద నలభై రోజులు. నాలుగు కార్డులుంటే పది రోజుల్లో అయిపోతుంది, ఎందుకంటే కిటికీలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడుస్తాయి. క్యూలో నిలబడే క్లస్టర్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం.

దీని బలహీనత ఓంప్‌ఎఫ్ లోనే ఉంది. ఇరుకు దగ్గర ఒక గోడ మీద ఆర్జినిన్లు 42, 82, 132 వరుసగా ధనావేశంతో, ఎదురుగా ఆస్పార్టేట్ 113, గ్లుటమేట్ 117 రుణావేశంతో ఉంటాయి. అంటే గొట్టానికి అడ్డంగా బలమైన విద్యుత్ క్షేత్రం. ఒక కొసన ధనం, ఇంకో కొసన రుణం ఉన్న ఆంపిసిలిన్ లాంటి మందు ఆ క్షేత్రానికి అనుగుణంగా తిరిగితేనే సాఫీగా దాటుతుంది. ఎక్కడుందో మాత్రమే కట్టేసి, ఎటు తిరిగి ఉందో వదిలేస్తే, తలకిందులుగా మొదలైన కిటికీ 50 నానోసెకన్లూ తలకిందులుగానే ఉండిపోవచ్చు. గొట్టం పొడవునా గీసే ఫ్రీ ఎనర్జీ గ్రాఫ్ మాత్రం నున్నగా వస్తుంది. ఆ నునుపు చూసి మోసపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండు వైపులా మొదలుపెట్టి చేస్తే రెండు గ్రాఫుల మధ్య మోల్‌కు 4 కిలోక్యాలరీల తేడా కనిపించింది, అప్పుడు గానీ తెలివి రాలేదు.

మెటాడైనమిక్స్ ఈ చిక్కును బాగా పట్టుకుంటుంది. 2002లో లాయో, పారినెల్లో తెచ్చిన పద్ధతి ఇది. అణువు కూర్చున్న చోటల్లా కొంచెం కొంచెం మట్టి పోస్తూ పోతే గుంట పూడి, అది గట్టు దాటి అవతలి గుంటలోకి పోతుంది. పోసిన మట్టి లెక్కే గుంట లోతు. ఒకే దిశలో కాకుండా రెండు దిశల్లో మట్టి పోయొచ్చు: గొట్టంలో ఎంత లోతున ఉంది, డైపోల్ (మందు ధన, రుణ కొసల దిశ) ఎటు తిరిగి ఉంది. పోరిన్-యాంటీబయాటిక్ పనుల్లో ఈ జోడీ బాగా నిలబడింది. పోసే మట్టి క్రమంగా తగ్గించే 'వెల్-టెంపర్డ్' రకం (2008) వాడండి, పాత రకం ఎక్కడ ఆపాలో తెలియనివ్వదు. ఒకే గుంటను పది మంది కలిసి పూడ్చినట్టు, పది సిమ్యులేషన్లు ఒకే లెక్క పంచుకునే మల్టిపుల్ వాకర్స్ పెడితే ఇంకా త్వరగా అవుతుంది.

ఒకటి నుంచి పది మందుల వరకు ఉండి, అన్నీ పోరిన్ దారివే అయితే నా సలహా సూటిగా ఇది: ముందు లోతు, డైపోల్ దిశ అనే ఆ రెండు చరాంకాలతో వెల్-టెంపర్డ్ మెటాడైనమిక్స్ చేసి దారి ఎలా ఉందో చూడండి. ఆ దారి వెంట అంబ్రెల్లా కిటికీలు పెట్టి, పక్క కిటికీలు అప్పుడప్పుడు స్థానాలు మార్చుకునేలా రెప్లికా ఎక్స్చేంజ్ జోడించి తుది అంకెలు తీయండి. రెండూ చేసే తీరిక లేకపోతే మెటాడైనమిక్స్ ఒక్కటే చేయండి. అంబ్రెల్లా ఒక్కటే చేయడం కన్నా అది మేలు.

ఇంకో మాట. ఫ్రీ ఎనర్జీలో మోల్‌కు 1.4 కిలోక్యాలరీల తప్పు జరిగితే, శరీర ఉష్ణోగ్రత దగ్గర వేగం పది రెట్లు మారిపోతుంది. మనం వాడే ఫోర్స్ ఫీల్డులకు (పరమాణువుల మధ్య బలాలను చెప్పే సూత్రాలు) ఆ మాత్రం తప్పు పెద్ద లెక్క కాదు. అందుకే "ఈ మందు పెర్మియబిలిటీ (పొర దాటే తేలిక) ఇంత" అనే ఒంటరి అంకెను నేను నమ్మను. "ఈ రెండింటిలో ఇది త్వరగా పోతుంది, కారణం ఫలానా ఆర్జినిన్" అంటే కూర్చుని వింటాను. ఒకే సెటప్‌లో ఒకే కుటుంబపు మందులను పోలిస్తే తప్పుల్లో చాలా భాగం రెండు వైపులా ఒకేలా ఉండి కొట్టుకుపోతుంది.

మార్టినీ ఎక్కడ పనికొస్తుంది

కోర్స్-గ్రెయిన్ నమూనాల్లో మార్టినీ ఎక్కువ వాడుకలో ఉంది, 2021లో మూడో రూపం వచ్చింది. సుమారు నాలుగు బరువైన పరమాణువులను ఒక పూసగా చూస్తుంది. అడుగుకు 20 ఫెమ్టోసెకన్లు వేయొచ్చు, పరమాణు స్థాయిలో మామూలుగా వేసేది 2. ఆ వేగం చూసి పోరిన్ పనికి కూడా వాడాలనిపిస్తుంది. వద్దు. నాలుగు నీటి అణువులు ఒక పూస అయినప్పుడు 7 ఆంగ్‌స్ట్రాముల ఇరుకులో నీళ్ల ప్రవర్తన ఎలా తెలుస్తుంది? ఇరుకు దగ్గర ఉన్న అడ్డ క్షేత్రం కూడా చాలావరకు మసకబారిపోతుంది. ప్రోటీన్ ఆకారం చెడకుండా స్ప్రింగులతో కట్టేస్తారు కాబట్టి మూడో లూప్ కదలిక కూడా పోతుంది. అసలు కథ నడిచే చోటే నమూనా గుడ్డిదైతే వేగం ఏం చేసుకుంటాం?

పాలీమిక్సిన్ కథ వేరు. అయిదు ధనావేశాలు, ఒక కొవ్వు తోక ఉన్న పెప్టైడ్ అది. ఒక్క అణువుతో పని కాదు, గుంపుగా వచ్చి ఎల్‌పీఎస్ మీద వాలి, అయాన్లను కదిలించి, పొర ఆకారాన్నే మార్చాలి. పెద్ద పొర ముక్క, ఎక్కువ సమయం కావాలి. ఇక్కడ మార్టినీయే సరైన ఎంపిక. పాలీమిక్సిన్ బి1 మీద రెండు పొరలనూ పోల్చి చేసిన 2015 నాటి పనిలో బయటి పొరతో, లోపలి పొరతో దాని ప్రవర్తన వేర్వేరుగా కనిపించింది. మార్టినీలో ఏదైనా ఆసక్తికరమైన స్థితి కనబడితే దాన్ని మళ్లీ పరమాణు స్థాయికి మార్చి కొన్ని వందల నానోసెకన్లు నడిపి, నిలుస్తుందో లేదో చూడండి.

ఎల్‌పీఎస్ గుండా నేరుగా పోయే మందు

ఇదే అన్నిటికన్నా మొండి సమస్య. ఎల్‌పీఎస్ అణువులు చాలా నెమ్మదిగా కదులుతాయి, కాల్షియంతో కుట్టుకున్నాక మరీను. మైక్రోసెకన్లు నడిపినా పక్క అణువులు చోటు మార్చుకోకపోవచ్చు. మీరు మొదట పేర్చిన పేర్పే చివరి దాకా ఉంటుంది, ఫలితం మీద దాని ముద్ర పడుతుంది. కాబట్టి కనీసం మూడు వేర్వేరు పేర్పులతో మొదలుపెట్టి చేయాలి. కాల్షియం, మెగ్నీషియం అయాన్లను మామూలు ఫోర్స్ ఫీల్డులు ఫాస్ఫేట్లకు అతిగా అంటిస్తాయనే ఫిర్యాదు కూడా ఉంది. సరిదిద్దిన అయాన్ పారామీటర్లు ఉంటే అవే తీసుకోండి.

ఎల్‌పీఎస్ ఎంత పొడవు పెట్టాలి? లిపిడ్ ఎ, దాని మీద కోర్ చక్కెరలు, వాటి మీద ఓ-యాంటిజెన్ గొలుసు. కోర్ వరకు పెట్టిన రఫ్ రకం చాలా పనులకు సరిపోతుంది. ఓ-యాంటిజెన్ కూడా పెడితే పెట్టె ఎత్తు పెరిగి, చాలావరకు నీళ్లను లెక్కించడానికే కంప్యూటర్ పోతుంది. పొరను కార్మ్-జీయూఐ అనే వెబ్ సాధనంలో కట్టుకోవడం తేలిక. అయితే రెండు సగాల వైశాల్యం సరిపోలిందో లేదో మీరే చూసుకోవాలి. సరిపోలకపోతే ఒక సగం నలిగిపోయి, ఇంకోటి సాగిపోయి ఉంటుంది, అంకెల్లో అది బయటికి కనిపించదు.

పోరిన్ పని చేసేవాళ్లకూ ఎల్‌పీఎస్ తప్పనిసరా అని అడుగుతారు. ఇరుకు దగ్గరి గట్టు మాత్రమే మీకు కావాలంటే మామూలు ఫాస్ఫోలిపిడ్ పొర చాలు, చాలా పనులు అలాగే జరిగాయి. మూతి దగ్గర మందు చేరడం మీద ప్రశ్న ఉంటే మాత్రం ఎల్‌పీఎస్ పెట్టాల్సిందే.

వందల మందులుంటే

అప్పుడు సిమ్యులేషన్ పక్కన పెట్టండి. ఒక్కో మందుకు పది రోజులు చొప్పున మూడు వందల మందులకు ఎన్నేళ్లో చూడండి. 2017లో హెర్గెన్‌రోథర్ బృందం 180కి పైగా అణువులు ఈ.కోలైలో ఎంత పేరుకుంటాయో కొలిచి కొన్ని సూత్రాలు చెప్పింది: ప్రైమరీ అమీన్ ఉండాలి, ఆకారం బంతిలా కాకుండా చదునుగా ఉండాలి (గ్లోబ్యులారిటీ 0.25 లోపు), తిరిగే బంధాలు అయిదుకు మించకూడదు. ఈ జల్లెడకు నిమిషాలు చాలు. దీనికి తోడు పోరిన్ ఇరుకును అడ్డకోత వైశాల్యం, విద్యుత్ క్షేత్రం అనే రెండు గుణాలుగా కుదించి, మందును దాని కనీస అడ్డకోత, ఆవేశం, డైపోల్‌గా చూసి మార్కులు వేసే నమూనాలు కూడా ఉన్నాయి. ఒకసారి పోరిన్ సిమ్యులేషన్ చేసుకుంటే తర్వాత మందుకు పట్టేది సెకన్లే. జల్లెడలో మిగిలిన పది పన్నెండింటికి మెటాడైనమిక్స్ చేయండి.

ఆ సూత్రాలు ఈ.కోలై కొలతల మీద కట్టినవని గుర్తుంచుకోవాలి. సూడోమొనాస్ ఏరుగినోసాలో ఓంప్‌ఎఫ్ లాంటి వెడల్పాటి సాధారణ పోరిన్లు లేవు. అక్కడ ఇమిపెనెం లాంటివి ఓపీఆర్-డి అనే ప్రత్యేక ఛానల్ గుండా పోతాయి, ఆ ఛానల్ పోతే రెసిస్టెన్స్ వస్తుంది. ఈ.కోలై జల్లెడను దానికి పెట్టడం తూనికరాయితో దూరం కొలిచినట్టే.

సైజు మాత్రమే చూసే జల్లెడలకు ఓ హెచ్చరిక కూడా. ఒక రోగి నుంచి కాలక్రమంలో తీసిన ఈ.కోలై నమూనాల్లో ఓంప్‌సి పోరిన్ మ్యుటేషన్లు కనిపించాయి. గొట్టం వెడల్పు పెద్దగా తగ్గలేదు, లోపలి విద్యుత్ క్షేత్రం మారింది, మందుల రాక తగ్గింది. పోరిన్‌ను కేవలం రంధ్రంగా చూసే నమూనాకు ఈ తేడా కనిపించదు.

ఏ పద్ధతి ఎంచుకున్నా తప్పని పని

మందు పారామీటర్లు, అంటే మందు అణువు ఆవేశాలు, బంధాల అంకెలు. ఇక్కడ జరిగే తప్పును ఏ గొప్ప శాంప్లింగూ సరిదిద్దలేదు. కొత్తగా ఉన్నప్పుడు డేటాబేస్ నుంచి ఆంపిసిలిన్ దించుకుని, అది ఆవేశం లేని రూపంలో ఉందని చూసుకోకుండా మూడు వారాలు నడిపాను. పీహెచ్ 7 దగ్గర ఆంపిసిలిన్ ఒక కొసన ధనం, ఒక కొసన రుణం ఉన్న రూపంలో ఉంటుంది. నేను నడిపింది వేరే అణువు అన్నమాట. సిప్రోఫ్లోక్సాసిన్‌లో పీకేలు (ఆవేశం మారే పీహెచ్‌లు) సుమారు 6.1, 8.7 కాబట్టి కొంత భాగం వేరే రూపాల్లో కూడా ఉంటుంది. రెండు రూపాలూ చేసి చూడటం మంచిది. మందులకు పారామీటర్లు తయారు చేసే సీజెన్‌ఎఫ్ఎఫ్ వాటితో పాటు, వాటిని ఎంత నమ్మొచ్చో చెప్పే పెనాల్టీ అంకె ఇస్తుంది. 10 లోపైతే ముందుకు పోవచ్చు, 50 దాటితే క్వాంటం లెక్కలతో సరిచూడకుండా వాడొద్దు. బీటా-లాక్టమ్ వలయాలకు, కొత్త పక్కగొలుసులకు ఈ అంకె పెరగడం మామూలే.

సాఫ్ట్‌వేర్ గురించి చెప్పేది కొంచెమే. గ్రోమాక్స్‌తో ప్లూమ్డ్ అనే జోడింపు ప్రోగ్రాం కలిపితే మెటాడైనమిక్స్‌కు నమూనా ఫైళ్లు ఎక్కువ దొరుకుతాయి. వోల్టేజీ పెట్టి ప్రవాహం చూడాలంటే నామ్‌డీలో తేలిక. పైథాన్ అలవాటు ఉన్నవాళ్లకు ఓపెన్‌ఎంఎం హాయిగా ఉంటుంది. మీ ల్యాబ్‌లో పక్క సీటువాళ్లు ఏది వాడుతున్నారో అదే తీసుకోండి. రాత్రి పదకొండింటికి ఎర్రర్ వచ్చినప్పుడు ఈ సలహా విలువ తెలుస్తుంది.

పోల్చే ప్రయోగం కూడా ఎంచుకోవాలి. సిమ్యులేషన్ అంకెను తెచ్చి ఎంఐసీ (బాక్టీరియా పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదు) పక్కన పెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఎంఐసీలో పోరిన్ ఒక్కటే లేదు. లోపలికి వచ్చిన మందును బయటికి తోసే ఆక్ర్‌ఏబీ-టోల్‌సీ పంపు ఉంది, మధ్యలో మందును కోసేసే బీటా-లాక్టమేజ్ ఎంజైమ్ ఉంది, చివర్న టార్గెట్ పట్టు ఉంది. పోరిన్ ఒక్కటే ఉన్న చోట, అంటే కృత్రిమ పొరలో ఒంటరి ఛానల్ మీద కొలిచిన ప్రవాహంతోనో, పోరిన్ పొదిగిన లైపోజోములు (కొవ్వు పొర బుడగలు) ఉబ్బే వేగంతోనో పోల్చండి. ఒంటరి ఛానల్ కొలతలోనూ ఒక మెలిక ఉంది: ప్రవాహం ఆగిందంటే మందు లోపలికి వచ్చిందని అర్థం, అవతలికి దాటిందని కాదు. వచ్చిన దారినే వెనక్కి పోయి ఉండొచ్చు. ఆ రెండింటినీ విడదీసి చెప్పగలిగేది ఫ్రీ ఎనర్జీ పటమే. సిమ్యులేషన్ తన జీతం సంపాదించుకునేది అక్కడే.

మీ జాబితాలో సెఫిడెరోకోల్ ఉంటే మాత్రం దాన్ని వేరే కాగితం మీద రాసుకోండి. 752 డాల్టన్ల ఆ మందు ఇనుమును పట్టుకుని, బాక్టీరియా ఇనుము కోసం పెట్టుకున్న టాన్‌బీ ఆధారిత రవాణా ప్రోటీన్ల గుండా పోతుంది. ఆ ప్రోటీన్ పీపాలో బిరడాలా ఒక భాగం కూర్చుని ఉంటుంది. లోపలి పొరలోని శక్తితో టాన్‌బీ అనే ప్రోటీన్ ఆ బిరడాను కదిలిస్తే తప్ప దారి తెరుచుకోదు. బిరడా ఉన్న గొట్టంలోంచి మందును లాగి ఫ్రీ ఎనర్జీ గీస్తే వచ్చే గట్టుకు అర్థం లేదు. దానికి మూతి దగ్గర మందు ఎంత గట్టిగా అతుక్కుంటుందో లెక్కించడం వరకే చేయండి.